బసవన్న లెక్క ఎవరి దగ్గరుంది?

పోయిన కార్తీకంలో ఒక సోమవారం మా రూమ్ నలుగురం యాగంటి పోయినాం. నంద్యాలలో బస్సెక్కి బనగానపల్లెలో దిగి, అక్కడి నుంచి ఆటో. అందులో భక్తి ఎంత, పులిహోర ఎంత అని అడక్కండి. మాలో ఒకడు మాత్రం ల్యాప్‌టాప్ వెంట తెచ్చుకున్నాడు. వాడిది ఫైనలియర్ ప్రాజెక్టు గోల. శనగ మొక్క ఫోటో చూపిస్తే ఎండు తెగులా, వేరుకుళ్ళా అని చెప్పే మోడల్ తయారుచేస్తున్నాడు. వాడి ల్యాప్‌టాప్‌లో జీపీయూ లేదు. అందుకని తెల్లారుజామునే గూగుల్ కొలాబ్‌లో ట్రైనింగ్ మొదలుపెట్టి, ఫోన్ హాట్‌స్పాట్ ఇచ్చి, మూత పూర్తిగా పడితే నిద్రపోతుందని మధ్యలో పెన్ను అడ్డం పెట్టి, పసిబిడ్డను మోసుకొచ్చినట్టు ఒళ్ళో పెట్టుకుని తెచ్చినాడు.

కొండల మధ్యకు పోయేసరికి సిగ్నల్ పోయింది. మేం కోనేట్లో కాళ్ళు కడుక్కుని దర్శనానికి పోతుంటే వాడు బసవన్న ముందు నిలబడి ఫోన్ పైకెత్తి సిగ్నల్ వెతుకుతున్నాడు. చివరికి విసుగొచ్చి అన్నాడు: "ఈయన్ను చూడండప్పా. నెట్ లేదు, కరెంటు లేదు, ఎవురూ రీస్టార్ట్ చేసే పని లేదు. పెరుగుతానే ఉండాడు."

నవ్వుకున్నాం. తర్వాత ఎవరో అడిగినారు, "అవునూ, ఎంత పెరిగినాడంట?" అని.

నలుగురం నాలుగు మాటలు చెప్పినాం. 20 ఏళ్ళకు ఒక అంగుళం అన్నాడొకడు. పురావస్తు శాఖ వాళ్ళే చెప్పినారని కూడా కలిపినాడు. వాళ్ళ జేజి చిన్నప్పుడు బసవన్న చుట్టూ సులువుగా ప్రదక్షిణ చేసేదంట, ఇప్పుడు స్తంభం అడ్డమొస్తుందంట, అన్నాడు ఇంకొకడు. రాయి ఎండకు వ్యాకోచిస్తుందని ఒకడు సైన్సు చెప్పబోయినాడు. అట్లయితే చలికాలంలో తగ్గాల కదా అంటే ఊరుకున్నాడు. నేను బ్రహ్మంగారి కాలజ్ఞానం ఎత్తినాను, కలియుగాంతంలో ఈ బసవన్న లేచి రంకె వేస్తాడని. అది అంగుళాల లెక్క కిందికి రాదన్నారు.

బనగానపల్లె తిరిగి వచ్చినాక నెట్ వచ్చింది. వాడి స్క్రీన్ మీద రన్‌టైమ్ డిస్‌కనెక్టెడ్ అని కనిపించింది. పొద్దున్నుంచి నడిచిందంతా పోయింది. చెక్‌పాయింట్లు డ్రైవ్‌లో సేవ్ చేసుకోమని ముందే చెప్పినాం, వినలేదు, అది వేరే కథ. నేను మాత్రం ఆ రాత్రి రూమ్‌లో కూర్చుని బసవన్న లెక్క కోసం వెతికినాను. వీడియోలు బోలెడు ఉన్నాయి. అన్నిట్లో అదే ఒక్క వాక్యం: ఇరవై ఏళ్ళకు అంగుళం. ఏ తేదీన కొలిచినారు, ఎక్కడి నుంచి ఎక్కడికి కొలిచినారు, దేంతో కొలిచినారు, అంతకుముందు కొలత ఎంత, ఇవి వరుసగా రాసిన పట్టిక ఒక్కటీ నాకు దొరకలేదు. మన జిల్లాలో అందరికీ తెలిసిన విషయం, లక్షల మంది కళ్ళారా చూసిన రాయి, దాని గురించి మనం చేతులు మార్చుకున్నది ఒక వాక్యం మాత్రమే.

ఇక్కడ ఒక మాట ముందే చెప్తాను. నేను బసవన్నను పరీక్ష పెట్టడానికి రాయడం లేదు. మా ఇంట్లో శివుడి పటం ఉంది, మా అమ్మ ఉపవాసాలు ఉంటుంది. పెరుగుతున్నాడని తేలినా పెరగడం లేదని తేలినా దండం పెట్టేవాళ్ళు పెడతారు. నాకు కావాల్సింది ఆ పట్టిక.

లెక్క చేసి చూడండి. 20 ఏళ్ళకు అంగుళం అంటే 25.4 మిల్లీమీటర్లు. ఏడాదికి 1.27. మన బీటెక్ నాలుగేళ్ళకు 5 మిల్లీమీటర్ల పైన ఒక పిసరు. ఒక బిస్కెట్టు మందం కూడా కాదు. ఫోన్‌తో వంద ఫోటోలు అన్ని కోణాల నుంచి తీసి, పక్కన కొలత తెలిసిన స్కేలు బద్ద పెట్టి, ఫోటోగ్రామెట్రీ సాఫ్ట్‌వేర్‌కు ఇస్తే త్రీడీ మోడల్ తయారవుతుంది. కోల్‌మ్యాప్, మెష్‌రూమ్ లాంటివి ఉచితంగానే దొరుకుతాయి. బాగా తీస్తే మిల్లీమీటరు అటూ ఇటూ కొలవొచ్చు. అంటే ఒక ఏడాది పెరుగుదల, మన కొలతలో వచ్చే తప్పు, రెండూ దాదాపు ఒకటే. నాలుగేళ్ళకు అనుమానం మాత్రమే వస్తుంది. ఏదైనా గట్టిగా చెప్పాలంటే పది పన్నెండేళ్ళు కావాలి. పైగా మండపంలో బండలు మార్చితే నేల ఎత్తు మారుతుంది, అందుకని నేల నుంచి కొలిస్తే లాభం లేదు, మూడు నాలుగు స్తంభాల మీద గుర్తులు అనుకుని వాటి నుంచి కొలవాలి. పసుపు కుంకుమల పొర మందం కూడా లెక్కలోకి వస్తుంది.

ఇది ఏ ఒక్క బ్యాచ్ వల్లా కాదు. నేను ఫోటోలు తీసి పోతాను. ఐదేళ్ళ తర్వాత వచ్చే తమ్ముడికో చెల్లికో ఆ ఫోటోలు, ఆ గుర్తులు, ఆ సాఫ్ట్‌వేర్ వెర్షన్, ఆ సెట్టింగులు అన్నీ దొరకాలి. ఇంకో చిక్కు, ఈ మోడల్ చిక్కగా రావాలంటే ఎన్విడియా జీపీయూ కావాలి. మా రూమ్‌లో ఉన్న నాలుగు ల్యాప్‌టాప్‌లలో ఒక్కదానికీ లేదు.

అంటే కావాల్సినవి రెండు. మనది కాని కంప్యూటర్ మనం వాడుకోగలగాలి, మనం చేసిన పని మనకు తెలియనివాళ్ళు కొనసాగించగలగాలి. ప్రపంచంలో శాస్త్రవేత్తలు ఈ రెండింటికీ గత పాతికేళ్ళలో దారులు వేసుకున్నారు. మనం మాత్రం వాటిని ఐఐటీ వాళ్ళ సొంత రోడ్లు అనుకుని పక్కనుంచి పోతున్నాం. ఈ వ్యాసంలో నా గొడవంతా దాని గురించే.

కంప్యూటర్ పంచుకోవడం కొత్త ఆలోచనేమీ కాదు. మా ఊర్లో శనగ నూర్పిడికి మిషన్ వస్తుంది. ఊరంతటికీ ఒకటో రెండో. ముందు పేరు చెప్పినవాళ్ళ కళ్ళం ముందు, పది ఎకరాలాయనకు ఎక్కువసేపు, రెండెకరాలాయనకు గంటలో అయిపోతుంది. మధ్యలో ఖాళీ దొరికితే చిన్న కళ్ళం దూరుస్తారు. సూపర్ కంప్యూటర్ల దగ్గర స్లర్మ్ అనే సాఫ్ట్‌వేర్ చేసే పని సరిగ్గా ఇదే. నీ పని ఎంతసేపు పడుతుందో, ఎన్ని ప్రాసెసర్లు కావాలో రాసి వరుసలో పెట్టిపోతావు, నీ వంతు వచ్చినప్పుడు నడుస్తుంది, నువ్వు పడుకుని ఉన్నా సరే. పెన్ను అడ్డం పెట్టి ల్యాప్‌టాప్ మోయక్కర్లేదు.

ఇంతకంటే పేదవాళ్ళ పద్ధతి కూడా ఉంది. 1999లో సెటి ఎట్ హోమ్ అని మొదలైంది. ఇళ్ళలో ఖాళీగా ఉన్న కంప్యూటర్లు రేడియో టెలిస్కోపు సంకేతాలను కొంచెం కొంచెంగా జల్లెడ పట్టేవి. లక్షల మంది తమ కంప్యూటర్లు ఇచ్చినారు. గ్రహాంతరవాసులు దొరకలేదు, 2020 మార్చిలో కొత్త పనులు పంపడం ఆపేసినారు. అదే నెలల్లో కరోనా వైరస్ ప్రోటీన్ల కోసం ఫోల్డింగ్ ఎట్ హోమ్‌కు జనం ఎంతగా చేరినారంటే, అందరి కంప్యూటర్లూ కలిపితే సెకనుకు ఒకటి పక్కన 18 సున్నాలన్ని లెక్కలు దాటింది. ఆ రోజుకు ప్రపంచంలో ఏ ఒక్క సూపర్ కంప్యూటరుకూ అంత సత్తా లేదు. లాక్‌డౌన్‌లో మనం లూడో ఆడిన ఫోన్లూ ల్యాప్‌టాప్‌లూ గుర్తు చేసుకోండి.

సెర్న్ సంగతి మన ఫిజిక్సు మేడమ్ ఫస్టియర్‌లో చెప్పే ఉంటారు. అక్కడ పుట్టే డేటాను జెనీవాలో ఒక్కచోటే ఉంచుకోలేక, నలభై దేశాలకు పైగా కేంద్రాలకు పంచినారు. మన దేశంలో ముంబై టీఐఎఫ్ఆర్, కోల్‌కతా వేరియబుల్ ఎనర్జీ సైక్లోట్రాన్ సెంటర్ అందులో భాగస్వాములు. అయితే నెట్‌వర్కే సర్వస్వం అనుకోవద్దు. 2019లో కృష్ణబిలం ఫోటో వచ్చింది చూడండి, దానికి కావాల్సిన డేటా ఎంత ఎక్కువంటే నెట్‌లో పంపలేక హార్డ్ డిస్కులు విమానాల్లో పంపినారు. మన పెన్‌డ్రైవ్ సంస్కృతికి అంతర్జాతీయ గౌరవం.

ఇవన్నీ దూరపు కొండలు. దగ్గరి సంగతికి వస్తాను. మా వాడు శనగ ఆకుల మీద పని చేస్తున్నాడన్నాను కదా. 2013లో శనగ జన్యుక్రమం మొత్తం చదివి ప్రచురించినారు. ఆ పనికి నాయకత్వం వహించింది హైదరాబాద్ పక్కన పటాన్‌చెరులో ఉన్న ఇక్రిశాట్. రాజీవ్ వర్ష్నీ గారు ముందుండి నడిపించినారు. పది దేశాల వాళ్ళు కలిసి చేసినారు, అమెరికాలో కాలిఫోర్నియా యూనివర్సిటీ డేవిస్ వాళ్ళు, చైనాలో షెన్‌జెన్ బీజీఐ వాళ్ళు. చదివిన రకం కెనడాది. తర్వాత 2021లో 3,366 శనగ రకాల జన్యువులు చదివి నేచర్ పత్రికలో వేసినారు. ఆ డేటా అందరికీ తెరిచి పెట్టినారు. మన నంద్యాల చుట్టుపక్కల నల్లరేగడిలో ప్రతి యాసంగికీ వేసే పంట అది. దాని మూలాక్షరాలు పటాన్‌చెరు, షెన్‌జెన్, డేవిస్ మధ్య తిరిగి, ఇప్పుడు ఎవరైనా దించుకోవచ్చు అన్నట్టు ఉన్నాయి. మన బయోటెక్ మిత్రులు ఎంతమంది తెరిచి చూసినారో వాళ్ళే చెప్పాలి.

తెరిచి చూడటానికి పెద్ద యంత్రం కావాలి కదా అంటారు. అక్కర్లేదు. గెలాక్సీ అని ఒక ప్లాట్‌ఫారం ఉంది, 2005 నుంచి నడుస్తున్నది. మామూలు ఈమెయిల్‌తో ఖాతా తెరిస్తే చాలు, బ్రౌజర్‌లోనే జన్యు డేటా విశ్లేషించొచ్చు, లెక్క నడిచేది వాళ్ళ సర్వర్ల మీద. నాకు అందులో అన్నిటికంటే నచ్చింది హిస్టరీ. నువ్వు ఏ ఫైల్ తీసుకున్నావు, ఏ టూల్ వాడినావు, ఏ వెర్షన్, ఏ అంకెలు ఇచ్చినావు, అంతా దానంతట అదే రాసుకుంటుంది. ఆ హిస్టరీని లింక్‌గా ఇంకొకరికి పంపితే వాళ్ళు మొదటి నుంచి మళ్ళీ నడిపి చూసుకోవచ్చు. నీ ఫలితం నమ్మమని అడగవు, నీ దారి చూపిస్తావు. బసవన్న వాక్యానికి లేనిది సరిగ్గా ఇదే.

ఈసీఈ వాళ్ళకైతే నానోహబ్ ఉంది. అమెరికాలో పర్డ్యూ యూనివర్సిటీ వాళ్ళు 2002 నుంచి నడుపుతున్నారు. మాస్‌ఫెట్ లోపల ఎలక్ట్రాన్లు ఎట్లా కదులుతాయో, ఆక్సైడ్ మందం మారిస్తే కరెంటు ఎంత మారుతుందో బ్రౌజర్‌లో అంకెలు మార్చి చూడొచ్చు. మన ల్యాబ్ రికార్డులో సీనియర్ గ్రాఫు చూసి పెన్సిల్‌తో గీసిన వంపు నిజంగా ఎందుకు వంగుతుందో నాకు అక్కడే అర్థమైంది. సివిల్ వాళ్ళు గూగుల్ ఎర్త్ ఇంజిన్ చూడండి. ల్యాండ్‌శాట్ ఉపగ్రహ చిత్రాలు 2008 నుంచి ఉచితం. ఔకు రిజర్వాయర్‌లో నీళ్ళు ఏ ఏడాది ఎంత మేర నిలిచినాయో, బేతంచెర్ల వైపు నాపరాయి గనులు ఎంత విస్తరించినాయో, ఒక్క చిత్రం కూడా డౌన్‌లోడ్ చేయకుండా లెక్క కట్టొచ్చు. ముప్పై ఏళ్ళ చరిత్ర. నాలుగు వేల రూపాయల ఫోన్ నెట్ చాలు.

యాగంటికి ఎంతో దూరం లేని జ్వాలాపురం గురించి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. సుమారు 74,000 ఏళ్ళ కింద సుమత్రాలో టోబా అగ్నిపర్వతం పేలింది. ఆ బూడిద సముద్రం దాటి వచ్చి మన జుర్రేరు లోయలో పడింది. ఇప్పటికీ అక్కడ తెల్లటి పొరగా కనిపిస్తుంది. మైకేల్ పెట్రాగ్లియా, ధార్వాడ్ కర్ణాటక విశ్వవిద్యాలయం రవి కొరిశెట్టర్ బృందం ఇక్కడ తవ్వి, బూడిద పొర కిందా పైనా రాతి పనిముట్లు ఉన్నాయని 2007లో సైన్స్ పత్రికలో రాసినారు. ఆ పేలుడుతో ఇక్కడి మనుషులు తుడిచిపెట్టుకుపోలేదేమో అనే వాదన అక్కడ మొదలైంది. దాని మీద ఇంకా వాదులాడుకుంటూనే ఉన్నారు. 2021లో ఇంకో బృందం ఆ పేలుడు తర్వాత భూమి ఎంత చల్లబడిందో క్లైమేట్ మోడల్ మీద పదే పదే నడిపి చూసినారు, ఒక్కోసారి గంధకం పరిమాణం మార్చి, పేలిన రుతువు మార్చి. కొన్నిచోట్ల చలి విపరీతం, కొన్నిచోట్ల దెబ్బ తక్కువ అని తేలింది. వాళ్ళు వాడిన మోడల్ కోడ్ ఎవరైనా దించుకోవచ్చు.

ఎక్కడి బూడిద, ఎక్కడి పల్లె, ఎక్కడి ఇంగ్లండు, ఎక్కడి అమెరికా సూపర్ కంప్యూటర్. ఈ వరుసలో మన పక్క ఊరు ఉంది. మనం లేము. మన కాలేజీ నుంచి బైకు మీద పోతే చేరే ఊరి గురించి ప్రపంచం వాదించుకుంటుంటే, మన సెమినార్ టాపిక్కులు మాత్రం ఇప్పటికీ ఫైవ్‌జీ పరిచయం, బ్లాక్‌చెయిన్ పరిచయం. పరిచయాలతోనే నాలుగేళ్ళు అయిపోతున్నాయి.

దీనికి మనవాళ్ళు చెప్పే జవాబు నాకు తెలుసు. "అదంతా ఐఐటీ వాళ్ళకురా, మనకు ఎవరిస్తారు?" ఇందులో సగం నిజముంది, కాదనను. 2015లో కేంద్రం 4,500 కోట్లతో నేషనల్ సూపర్ కంప్యూటింగ్ మిషన్ మొదలుపెట్టింది. పరమ్ పేరుతో యంత్రాలు ఐఐటీల్లో, ఐఐఎస్సీలో పెట్టినారు. మనకు దగ్గరిది ఐఐటీ హైదరాబాద్‌లో ఉన్న పరమ్ సేవ, 838 టెరాఫ్లాప్స్. అట్లాంటి చోట ఖాతా కావాలంటే మన ఫ్యాకల్టీ ఒకరు ముందుకు రావాలి, ఏం లెక్క చేస్తారో, ఎన్ని గంటలు కావాలో కాగితం మీద పెట్టాలి. ఒక బీటెక్ పిల్లోడు ఒంటరిగా తలుపు తడితే తెరుచుకోదు. సంస్థలన్నిటినీ వేగంగా కలపడానికి నేషనల్ నాలెడ్జ్ నెట్‌వర్క్ 2010 నుంచి ఉంది, కానీ ఆ తీగ ఏ కాలేజీ గేటు దాకా వచ్చిందో, ఏ గేటు బయట ఆగిందో చూస్తే మన దేశంలో చదువు ఎట్లా పంచబడిందో అర్థమవుతుంది. యంత్రం పంచుకోవడం గురించి మాట్లాడేటప్పుడు ఈ తేడాను దాచిపెట్టకూడదు.

మిగతా సగం మాత్రం మన తప్పే. అడిగి లేదనిపించుకున్నవాళ్ళు కోపగించుకోవచ్చు. మనం అడగనే లేదు.

నాకు తెలిసిన ఒక కాలేజీ సంగతి చెప్తాను, పేరెందుకు. అక్కడ విద్యార్థులకు కాలేజీ పేరుతో ఈమెయిల్ ఐడీ లేదు. అందరివీ జీమెయిల్లే, అందులోనూ ఇంటర్‌లో పెట్టుకున్న పేర్లు. రౌడీ అనీ, కింగ్ అనీ, పక్కన హీరో పేరూ. విద్యాసంస్థ ఈమెయిల్ ఉంటేనే ఖాతా ఇచ్చే చోట్ల వీళ్ళు గేటు దగ్గరే ఆగిపోతారు. కాలేజీ డొమైన్ ఉంది, వెబ్‌సైట్ ఉంది, అడ్మిషన్ల పాంప్లెట్ మీద ఈమెయిల్ కూడా ఉంది. పిల్లలకు ఐడీలు ఇవ్వడానికి కోట్లు అక్కర్లేదు. ఒక సిస్టమ్ అడ్మిన్ సారు, ఒక వారం పని. ఎందుకు ఇవ్వలేదు అని ఒక సారును అడిగితే, "ఇంతవరకు ఎవరూ అడగలేదు నాయనా" అన్నారు. ఆయన అబద్ధం చెప్పలేదు.

ఇక ప్రాజెక్టుల బీరువా. మీరూ చూసే ఉంటారు, ప్రతి డిపార్టుమెంటులో ఒకటి ఉంటుంది. నల్ల అట్ట, బంగారు అక్షరాలు, వరుసగా ఏళ్ళవారీగా. ఒకసారి మా సారు కోసం ఏదో వెతకమంటే తెరిచినాను. శనగ తెగుళ్ళ మీద నాలుగేళ్ళ కింద ఒక బ్యాచ్ పని చేసింది! ఫోటోలు వాళ్ళే పొలాల్లో తిరిగి తీసినారని ముందుమాటలో రాసుకున్నారు. ఎన్ని తీసినారో, ఏ ఊర్లలో తీసినారో కూడా ఉంది. పుస్తకం వెనక సీడీ కవరు ఉంది. అందులో సీడీ లేదు. ఉన్నా చదివే డ్రైవ్ మా ఎవరి ల్యాప్‌టాప్‌కూ లేదు. ఆ అన్నవాళ్ళ నంబరు పట్టుకుని మా వాడు ఫోన్ చేస్తే, బెంగుళూరులో ఉన్నారు, పాపం మంచిగానే మాట్లాడినారు. "ఆ ల్యాప్‌టాప్ అమ్మేసినా తమ్ముడూ" అన్నారు.

ఎండలో తిరిగి తీసిన ఫోటోలు. అవి ఉండి ఉంటే మా వాడు ఆర్నెల్లు ముందు నిలబడి ఉండేవాడు. మళ్ళీ మొదటి నుంచి అదే పొలాలు, అవే తెగుళ్ళు, అవే ఫోటోలు. పదేళ్ళ తర్వాత ఇంకొకడు మళ్ళీ మొదలుపెడతాడు. మన బసవన్న ఏడాదికి మిల్లీమీటరైనా పెరుగుతాడని అంటారు, మన ప్రాజెక్టులు అదీ లేదు.

ఇట్లా పోతున్నాయి కాబట్టే కొనుక్కోవడం పెరిగింది. దాచుకోకుండా మాట్లాడుకుందాం. సిటీలో ప్రాజెక్టు సెంటర్‌కు డబ్బులు కడితే కోడు, రిపోర్టు, పీపీటీ ఒక పెన్‌డ్రైవ్‌లో వస్తాయి. వైవా ముందు రోజు ఆ కోడు నడవదు, ఆ సెంటర్ అన్నకు రాత్రి పన్నెండుకు ఫోన్లు. కొన్నవాళ్ళందరూ సోమరులని నేను అనను. పని చేద్దామని మొదలుపెట్టి, యంత్రం లేక, పాత డేటా దొరక్క, అడిగే మనిషి లేక, చివరి రెండు నెలల్లో కొన్నవాళ్ళను చూసినాను. వాళ్ళలో ఒకడు నాకు రోజూ అన్నం వడ్డించిన మనిషి.

దీనికి ఇంకోవైపు వాదన ఉంది, అది కూడా న్యాయమైనదే. ఈ ఉచిత ప్లాట్‌ఫారాలన్నీ ఎవరి దయ మీదో నడుస్తున్నాయి. కొలాబ్ ఉచితంగా ఎంతసేపు ఇస్తుందో గూగుల్ ఇష్టం, రేపు తీసేస్తే అడిగే హక్కు మనకు లేదు. నానోహబ్ అమెరికా ప్రభుత్వ గ్రాంటుతో మొదలైంది, అక్కడి లెక్కలు మారితే ఇక్కడ మన ల్యాబు ఆగుతుంది. అందుకే సొంత యంత్రం ఉండాలనే సార్లతో నేను ఏకీభవిస్తాను. సీడాక్ వాళ్ళు పరమ్ శావక్ అని కాలేజీలకు సరిపోయే చిన్న సూపర్ కంప్యూటర్ తయారుచేసినారు, టేబుల్ పక్కన పట్టేంతది. కానీ ఒక షరతు. అది కొని, ఏసీ గదిలో పెట్టి, తాళం వేసి, న్యాక్ వాళ్ళు వచ్చినప్పుడు మాత్రమే పూలదండ వేసి చూపించేటట్టయితే కొనొద్దు. ఆ డబ్బుతో హాస్టల్ నీళ్ళ ట్యాంకు బాగుచేయించండి. పంచుకోని యంత్రం కంటే అది నయం.

భాష సంగతి కూడా ఉంది, ఇది తెలుగు క్లబ్ పత్రిక కాబట్టి అంటున్నాను అనుకోకండి. ఈ ప్లాట్‌ఫారాల పాఠాలన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి. మనలో తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్ళు మొదటి పేజీలోనే ఆగిపోతున్నారు. వాళ్ళకు బుర్ర లేక కాదు, ఆ పేజీ వాళ్ళను ఉద్దేశించి రాసినట్టు అనిపించక. క్లబ్‌లో కవితలు రాసేవాళ్ళం పాతిక మంది ఉన్నాం. ఒక్కొక్కరం ఒక్క టూల్ గురించి రెండు పేజీలు, మన మాటల్లో, స్క్రీన్‌షాట్లతో రాస్తే? ప్రేమ మీద నా పదిహేడో కవిత ఆగిపోయినా తెలుగు సాహిత్యానికి పెద్ద లోటు ఉండదు. ఎడిటర్ గారు ఈ వాక్యం తీసేయకుండా ఉంచుతారని ఆశ.

మా నలుగురం మాత్రం ఒకటి మొదలుపెట్టినాం. మా వాడు తీసిన శనగ ఫోటోలు, ఏ ఊరు, ఏ తేదీ, ఏ ఫోను అని ఒక పట్టికతో సహా జెనోడోలో పెడుతున్నాం. సెర్న్ వాళ్ళు నడిపే భాండాగారం అది, ఎవరైనా ఉచితంగా పెట్టుకోవచ్చు, ప్రతి డేటాకూ మారని చిరునామా ఇస్తారు. రైతుల ముఖాలు పడిన ఫోటోలు తీసేసినాం. హెచ్‌ఓడీ సారుకు ఒక కాగితం ఇచ్చినాం: కాలేజీ ఈమెయిళ్ళు, ప్రతి ప్రాజెక్టు కోడు, డేటా ఒకచోట పెట్టాలనే నిబంధన, ఒక ల్యాబు రాత్రి పదింటి దాకా. సారు చదివి, "పదింటి దాకా కష్టం, ఎనిమిది చూద్దాం" అన్నారు. మిగతా రెండింటి గురించి ఏమీ అనలేదు. కాగితం మాత్రం జేబులో పెట్టుకున్నారు.

బసవన్న ఫోటోలకు గుడివాళ్ళ అనుమతి కావాలి. దానికి ఎవరిని అడగాలో కనుక్కుంటున్నాం. ముట్టుకునే పని లేదు, దూరం నుంచి తీస్తాం, స్కేలు బద్ద నేల మీద పెడతాం, జనం లేని పొద్దున పూట పోతాం. ప్రదక్షిణ చేసినానని చెప్పిన జేజిని కూడా కలిసినాం. "స్వామిని కొలిచేదేందిరా, కండ్లు పోతాయి" అని మొదట తిట్టింది. తర్వాత తనే లేచి, గడపకూ గోడకూ మధ్య నిలబడి, "ఇదో, ఇంత సందు ఉండేది, నేను మీ జేజినాయన పక్కపక్కన నడిచినాం" అని రెండు చేతులు చాపి చూపించింది. మా వాడు టేపు తీసి ఆ చేతుల మధ్య కొలిచినాడు. 94 సెంటీమీటర్లు. పట్టికలో మొదటి వరుసలో రాసుకున్నాం: కొలిచిన తేదీ, చెప్పిన మనిషి వయసు, సాధనం అన్న చోట "జేజి చేతులు", తప్పు ఎంత ఉండొచ్చు అన్న చోట "చాలా".